ఆదివారం వాళ్లను పడుకోనివ్వు

బొమ్మనహళ్ళి,
2021 మే 13.

శ్రీనూ,

ఆదివారం మీ పీజీ డాక్టర్లతో జూమ్‌లో మనోధైర్యం గురించి మాట్లాడమన్నావు. మాట్లాడను. ఆ గంటసేపు వాళ్లను పడుకోనివ్వు. జీవితమంతా జనానికి మత్తిచ్చినదాన్ని, నిద్ర విలువ నాకు తెలియదట్రా!

కోవిడ్ డ్యూటీ చార్టు ఇప్పుడు నీ చేతిలో ఉంది. పిల్లల మనసుకు మందేదైనా ఉంటే ఆ కాగితంలోనే ఉంది. రెసిడెంట్లకు ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే రాసిపెట్టింది. ఈ మే నెలలో అది జరిగే పని కాదని నాకూ తెలుసు. కానీ నైట్ చేసినవాళ్లకు మర్నాడు సెలవివ్వడం, పీపీఈ కిట్‌లో ఉన్నవాళ్లను వేళకు బయటికి రప్పించడం నీవల్ల అయ్యేవే.

అలసట ఒక్కటే అయితే నిద్రతో తీరును. ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ వాయిదా పడింది. ఇంకో నాలుగు నెలలైనా ఉండదని ఈ నెల 3న తేల్చేశారు. కింద జూనియర్లు రారు, కొత్త బ్యాచ్ వచ్చేదాకా ఫైనలియర్ వాళ్లను కదలనివ్వరు. ఆర్థో, కంటి విభాగాల పిల్లలైతే మరీ పాపం. చేతికి కేసులు తగలక, ఆక్సిజన్ ఫ్లో చూసుకుంటూ, రేపు సర్జన్లమని ఎలా చెప్పుకోవాలని లోలోపల కుమిలిపోతున్నారు. ‘కోవిడ్ వారియర్’ అని దండ వేస్తే ఆ దిగులు పోదు. పోయిన ఆపరేషన్లు ఎప్పుడు, ఏ పోస్టింగులో నేర్పిస్తారో వాళ్ల హెచ్‌ఓడీల చేత కాగితం మీద రాయించు. థీసిస్ గడువు సంగతీ అందులోనే తేల్చమను.

మరణవార్త ఇంటివాళ్లకు ఫోన్‌లో చెప్పే పని ఫస్టియర్ పిల్ల మీదకు తోయకండి. నువ్వు చెప్పు, తను పక్కన కూర్చుని వింటుంది. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగాకే ఇంకో బెడ్ దగ్గరికి పంపు.

మెస్‌కు రావడం మానేసినవాణ్ణి చాటుగా పిలిచి సూటిగా అడుగు, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. అవునంటే ఒంటరిగా వదలకు. డ్యూటీ తప్పించి నువ్వే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. సొంత కాలేజీ సైకియాట్రీకి వెళ్తే ఎగ్జామినర్ల ముందు చులకనవుతామని జంకుతారు. అందుకే హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ వాళ్లు పోయిన ఏడాది మార్చిలో పెట్టిన హెల్ప్‌లైన్ నంబరు 080-46110007 డ్యూటీ రూమ్ గోడకు అంటించు.

చార్టు రాశాక నాకు వాట్సాప్‌లో పెట్టు. నీ పేరు ఎదుట వారానికో సెలవు కనబడకపోతే మీ అమ్మకు చెప్తాను.

మీ పెద్దమ్మ