సీటు ఇచ్చాం, చోటు ఇచ్చామా?



ఇంటర్ ఫలితాలు రాగానే కళాశాలల చుట్టూ తిరుగుతాం. ఫీజు ఎంత, హాస్టలు ఉందా, నాక్ గ్రేడు ఏమిటి అని అడుగుతాం. రకరకాల కులాల, మతాల, ప్రాంతాల పిల్లలను అక్కడ ఎలా చూస్తారని మాత్రం అడగం. "మా దగ్గర అన్ని వర్గాలవారూ ఉన్నారు" అంటే తృప్తిపడతాం. ఆ జవాబు ఎందుకు చాలదో ఈ వారం ఆలోచిద్దాం.

తెరిచిన తలుపు

1951లో రాజ్యాంగంలో చేరిన 15(4) అధికరణం వెనుకబడిన వర్గాలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు విద్యాలయాల్లో సీట్లు కేటాయించే దారి తీసింది. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైన కుటుంబాలకు మన తెలుగు రాష్ట్రాల్లో బి.సి.-సి కింద 1 శాతం ఉంది. 2016 చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలన్నది. ఇవన్నీ తలుపు తెరిచాయి.

లోపలి గది

2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌ను పరిశీలించింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులు తాళలేక హాస్టల్లో కొన్ని అంతస్తులకే చేరిపోయారనీ, భోజనశాలలో, ఆటల్లో వేరుపడ్డారనీ తేల్చింది. సీటు ఉంది, చోటు లేదు.

ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యు.జి.సి. 2012లో నిబంధన పెట్టింది. అయినా 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. నిబంధనలు సరిగా అమలు కావాలని కోరుతూ అతని తల్లి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2026 జనవరిలో యు.జి.సి. కొత్త నిబంధనలు తెచ్చింది. అదే నెల 29న కోర్టు వాటిని నిలిపి, 2012 నాటివే కొనసాగాలన్నది. ఏ నిబంధన అయినా కాగితం మీదే ఉంటే బిడ్డను కాపాడలేదు.

ఎలా తూచాలి?

చేరినవారి సంఖ్యతో ఆగకండి. వారిలో ఎందరు చివరి ఏడాదికి చేరారు? మధ్యలో మానేసినవారు ఎవరు, ఎందుకు? ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో మొదటి ఏడాది పిల్లలకు తెలుసా? ఫిర్యాదులే లేవంటే సంతోషించడానికి తొందరపడకండి. పిల్లలు భయపడి నోరు మెదపడం లేదేమో. ర్యాంపు ఉంటే సరిపోదు, అది ప్రయోగశాల దాకా వెళుతుందా?

ఈ తూకం మన కతోలిక కళాశాలలకూ వర్తిస్తుంది. 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం ప్రకటించినప్పుడు, సంఘంలో కులవివక్ష ఉన్నదని మన పీఠాధిపతులే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవారు లెక్క చూపడానికి వెనుకాడకూడదు.

ఇంట్లో చర్చించండి

1. మన పిల్లలు హాస్టల్లో ఎవరి పక్కన కూర్చుని తింటున్నారు? ఎవరి పక్కన కూర్చోవడం లేదు?

2. స్నేహితుణ్ణి కులం పేరుతో ఎగతాళి చేస్తే మన బిడ్డ అడ్డుకుంటాడా, నవ్వుతాడా?

3. ఆ నవ్వు మన ఇంట్లో నేర్చుకున్నదేనా?