కొండమీది సరస్సులు నేర్పిన పాఠము

గత వేసవి సెలవులలో మేము మా బాల్యమిత్రునితో గూడి కోడైకెనాలు, ఉదకమండలము అను రెండు కొండపట్టణములను జూచి వచ్చితిమి. విహారమునకై పోయి, పాఠమొకటి నేర్చుకొని తిరిగి వచ్చితిమి. దానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కోడైకెనాలు పళనికొండలపై సుమారు 7,000 అడుగుల యెత్తున నున్నది. 1845వ సంవత్సరమున మధుర యందలి అమెరికా మిషనరీలు మైదానపు టెండలకును, జ్వరములకును తాళజాలక యిచట రెండు బంగళాలు గట్టుకొనిరి. పట్టణమునకు అదియే యారంభము. గాలిలో ప్రతి 1,000 అడుగుల యెత్తునకు వేడిమి సుమారు 2 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. కావుననే క్రింద ప్రజలు చెమటలు గ్రక్కుచుండగా పైన మేము కంబళ్లు కప్పుకొంటిమి.

పట్టణమధ్యమున నక్షత్రాకారముగల సరస్సు గలదు. తెల్లవారుజామున మంచు తెరవలె లేచిపోవగా మా మిత్రుడు పరవశుడై, "మానవుని చేయి సోకని చోటిది!" అనెను. మేమును ఔననుకొంటిమి. కాని యొడ్డువెంట నడచిపోగా ఒకచోట కట్ట కనబడినది. విచారింపగా, మధుర కలెక్టరుగా నుండిన లెవింజి దొర 1863లో చిత్తడినేలలోని వాగులకు అడ్డుకట్ట వేయించి యీ సరస్సును నిర్మించెనని తెలిసినది. ఘాటుదారిలో మేము ముచ్చటపడి చూచిన వెండిజలపాతము గూడ దీని పొర్లునీరే!

పిమ్మట పళని, కోయంబత్తూరుల మీదుగా మేట్టుపాళెము చేరి నీలగిరి రైలెక్కితిమి. కల్లారు మొదలు కూనూరు వరకు పట్టాల నడుమ పండ్లుగల కమ్మియుండును. ఇంజనుక్రింది పండ్లచక్రము దానిని పట్టుకొని యెగబ్రాకును. 1908లో ఉదకమండలము చేరిన యీ మార్గమును యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ సంపదలలో జేర్చినది.

ఉదకమండలపు సరస్సును 1823లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ దొర త్రవ్వింప నారంభించెను. అది నేడున్న దానికన్న మిక్కిలి పెద్దది. కాలక్రమమున కొంతభాగము పూడ్చబడి గుఱ్ఱపుపందెముల మైదానమునకును, బస్సుల నిలయమునకును చోటైనది. ఊరి మురుగునీరు చిరకాలము దానిలోనికే పాఱినది. అది విని మా మిత్రుడు మాటాడడయ్యెను.

తిరుగురైలులో నతడు మెల్లగా నిట్లనెను: "మా యూరి చెరువు శిఖములో మూడెకరములు మా యన్నగారే దున్నించుచున్నారు. ఆ గింజలు నేనును దినుచున్నాను. ఇతరులను నిందింప నాకేమి యర్హత?"

విద్యార్థులారా! కాకతీయుల కాలమున గట్టిన పాకాల, రామప్ప చెరువులును గుట్టల నడుమ కట్టవేసి నిలిపినవే. మానవుడు గట్టిన జలాశయమును మానవుడే కాపాడవలెను. పెద్దలు గట్టినది మన యలక్ష్యముచేత నొక తరములోనే పూడిపోవచ్చును. మీ యూరి చెరువుకట్టపై నొకమారు నడచి, అలుగెక్కడనో, శిఖమెంతవరకో పెద్దల నడిగి తెలిసికొనుడు.

రెండు మాసములకు మా మిత్రునియొద్దనుండి జాబు వచ్చినది. మొదట అన్నగారు కోపించిరట. నాలుగు దినములు తమ్మునితో మాటలాడలేదట. కాని తొలకరి కురిసినను ఆ మూడెకరములలో అరక సాగలేదట. అక్కడ నిప్పుడు మోకాలిలోతు నీరున్నదని యతడు వ్రాసెను.