మలబద్ధకము: కారణములు, నివారణ

మన కళాశాలలో ఎన్నో విషయములు చర్చకు వచ్చును గాని, ఈ విషయమును గూర్చి మాత్రము ఎవరును నోరు విప్పరు. తలనొప్పి యని సెలవుచీటీ వ్రాసిన విద్యార్థి అసలు బాధను దాచుకొనుట మేమెరుగుదుము. హాస్టలులో చదువుకొన్న దినములలో మేమును అట్లే దాచితిమి. ఉదయము మరుగుదొడ్ల ముందరి వరుసను చూచి, "తరువాత పోవచ్చును" అనుకొని తరగతికి పరుగెత్తెడివారము. ఆ "తరువాత"యే మా బాధకు మూలమని ఆలస్యముగా తెలిసికొంటిమి.

మలబద్ధకమను పేరులోని ‘బద్ధము’ అనగా కట్టుబడినది. ఉర్దూలో దీనిని ‘కబ్జ్’ అందురు. పట్టి యుంచుట యను అర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టిన ఈ మాటకు, భూముల విషయములో మనము వినుచుండు ‘కబ్జా’ తోబుట్టువు. కదలవలసినది కదలకుండుటయే రెండు భాషలవారును గుర్తించిన లక్షణము.

సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుగల పెద్దప్రేగు, జీర్ణము కాక మిగిలిన పదార్థమునుండి నీటిని పీల్చుకొనును. ఆ పదార్థము అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిచిన అంత గట్టిపడును. పలుమారులు ఆపుకొనువారికి విసర్జన కావలెనను సూచనయే క్రమముగా మందగించును. ప్రతిదినము విరేచనము కానంత మాత్రమున వ్యాధి కాదు. వారమునకు మూడుమారులకంటె తక్కువగా నగుట, గట్టిగా ముక్కవలసివచ్చుట, ఇంకను మిగిలియున్నదను భావము కలుగుట దీని గుర్తులు.

నివారణకు ముఖ్యమైనవి పీచు, నీరు, వేళ. పెద్దలకు దినమునకు 25 నుండి 30 గ్రాముల పీచు అవసరము. ఆకుకూరలు, చిక్కుళ్ళు, పొట్టుపెసలు, జొన్నరొట్టె, జామపండ్లు దానిని సమకూర్చును. పీచును కొద్దికొద్దిగా పెంచవలెను. లేనిచో కడుపు ఉబ్బరించును. రంజాను ఉపవాసములుండువారు ఇఫ్తారు మొదలు సహరీ వరకు తగినంత నీరు త్రాగి, వేపుడులకంటె పండ్లకు ప్రాధాన్యమియ్యవలెను. ఆహారము తీసికొనినంతనే పెద్దప్రేగులో కదలిక హెచ్చును గనుక, ఉదయపు ఫలహారము పిమ్మట పది నిమిషములు కేటాయించుట మేలు.

ఇసబ్‌గోలు పొట్టు వాడువారు దానిని నిండు గ్లాసు నీటితోనే తీసికొనవలెను. నీరు చాలనిచో అదియే ఉబ్బి అడ్డుపడగలదు. వైద్యుని సలహా లేక విరేచనపు మాత్రలను నిత్యము వాడరాదు. రక్తహీనతకిచ్చు ఇనుము మాత్రలవలన మలబద్ధకము కలిగినచో, వానిని తామే మానక వైద్యునికి తెలుపవలెను. మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, వాంతులతో కడుపుబ్బుట కనిపించినచో జాగు చేయరాదు.

విద్యార్థులకు ఇంత చెప్పిన మేము మా కర్తవ్యమును మరువరాదు. మరుగుదొడ్డిలో నీరు లేదనియో, తలుపునకు గడియ లేదనియో ఉదయమునుండి మంచినీరు ముట్టని బాలికలున్నారు. వారికి పీచును గూర్చి బోధించుటకు ముందు ఆ గడియను బిగింపవలెను. తరగతిలో లేచి అనుమతి కోరిన విద్యార్థిని కారణమడుగక పంపవలెను.