ఒక చుక్క తేనె
(ఆదివార బడి ఉపాధ్యాయులకు పాఠము)

పాఠోద్దేశము: చిన్న ప్రాణికి దేవుడు అప్పగించిన పనిని పిల్లలు కన్నులార చూచి, తమ చేతులతో చేసి గ్రహించుట.

చదువవలసిన భాగములు: కీర్తనలు 19:7-10, సామెతలు 25:16, న్యాయాధిపతులు 4:4-5.

కావలసిన వస్తువులు: గుమ్మడి పాదు, పలుచని గుడ్డ, దారము, ఏడు నాణెములు, పాత నోటుపుస్తకపు కాగితములు, రెండు చేతిరుమాళ్లు, విసనకర్ర, బెల్లము, ఒక టీ చెంచా తేనె, శుభ్రమైన వేపపుల్లలు.



రాజంపేట ప్రాంతపు పల్లెలలో పెరిగిన పిల్లవానికి తేనెపట్టు చూపవలసిన పనిలేదు. దానిమీద రాయి వేయుట కూడ ఎవరును నేర్పనక్కరలేదు. మా గుడి ఆవరణలోని చింతచెట్టు పైకొమ్మకు ఒక యేడు కొండ తేనెటీగలు పట్టు పెట్టినవి. ఒక బాలుడు రాయి విసరెను. ఈగలు లేచి ఇద్దరు పిల్లలను కుట్టెను. ఆ రాత్రి సంఘ పెద్దలు కూడి, కాగడాలతో పట్టును కాల్చివేయవలెనని తలచిరి. నేనును సరే యంటిని. మనుష్యుడు దొరకువరకు వారము దినములు ఆగవలసి వచ్చెను. ఆ మధ్య వచ్చిన ఆదివారమున, పిల్లల భయము తీర్చవలెనని ఈ పాఠము చెప్పితిని. తరువాత జరిగినది చివర చెప్పెదను.

ఒకటవ పని: గుమ్మడి పువ్వు

ఈ పనిని ముందటి వారమే మొదలు పెట్టవలెను. గుమ్మడి పాదులో రెండు విధముల పువ్వులుండును. ఆడ పువ్వు క్రింద చిన్న పిందె ఉండును. మగ పువ్వుకు ఉండదు. మరునాడు విచ్చుకొనబోవు ఆడ మొగ్గలను రెండింటిని సాయంకాలమే గుర్తుపట్టుడి. ఒకదానికి పలుచని గుడ్డ కట్టి, రెండవదానిని విడిచిపెట్టుడి. ఉదయమున పిల్లలను పిలిచి, మగ పువ్వులోని పసుపు పొడిని వ్రేలితో తాకనియ్యుడి. తేనెటీగ తన ఒంటి వెండ్రుకలకు ఆ పొడిని అంటించుకొని ఆడ పువ్వునకు తెచ్చును.

వారము గడచిన తరువాత చూచిన, ఈగ వచ్చిన పిందె సాధారణముగా పెరుగుచుండును. గుడ్డ కట్టినది పండుబారి రాలిపోవును. ఎండిన పిందెను పిల్లల అరచేతిలో పెట్టుడి. వరికి తేనెటీగ అక్కరలేదు, మొక్కజొన్నకు గాలి చాలును. గాని గుమ్మడి, దోస, పొద్దుతిరుగుడు మొదలైనవాటికి ఈగల రాకపోకలు కావలెను. మనము తేనె తినని దినమున కూడ తేనెటీగ మనకొరకు పనిచేయుచునే యున్నది.

రెండవ పని: ఆరు మూలల గది

ఒక నాణెమును బల్లమీద పెట్టి, దాని చుట్టు తగులునట్లు అదే కొలతగల నాణెములను పేర్చమనుడి. సరిగా ఆరే పట్టును. అయినను నాణెముల నడుమ సందులు మిగులును. ఇప్పుడు కాగితములతో ఏడు గొట్టములు చుట్టి, కట్టగా చేర్చి, దారముతో గట్టిగా బిగించుడి. నడిమి గొట్టము ఆరు ప్రక్కలుగా నొక్కుకొనుట పిల్లలు చూతురు, సందులు తగ్గిపోవును. తేనెటీగ తన పొట్ట క్రింద పుట్టు మైనముతో ఇట్టి గదులనే కట్టును. తక్కువ మైనముతో ఎక్కువ చోటు దొరుకును.

మూడవ పని: నోరు లేని కబురు

ఒక పిల్లవానికి మాత్రము చూపి, ఆవరణలో బెల్లపు ముక్కను దాచుడి. అతడు మాటాడకయు, వ్రేలు చూపకయు, ఆ దిక్కునకు తిరిగి నడుము ఊపుచు నడచి, తక్కినవారికి తెలుపవలెను. దూరమైనచో ఎక్కువ సేపు ఊపవలెను. తేనెటీగ తన తోటివారికి పూలున్న చోటు ఇట్లే తెలుపును. నిలువుగా ఉన్న పట్టుమీద అది తిన్నగా పైకి నాట్యమాడిన, సూర్యుడున్న దిక్కునకు పొండని అర్థము. ఈ సంగతిని కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను పండితునికి 1973లో నోబెల్ బహుమానము లభించెను. మేలైనది దొరికినప్పుడు తానొక్కటే తినక, ఇంటికి వచ్చి చెప్పుట ఈగకు తెలియును. సువార్త వినిన మనకు తెలియవలదా?

నాలుగవ పని: విసనకర్ర

రెండు చేతిరుమాళ్లను సమానముగా తడిపి ఆరవేయుడి. ఒకదానికి పిల్లలు వంతులవారిగా విసరవలెను. అది ముందు ఆరును. పూలలోని తీపి నీటిలో నీరే ఎక్కువ. ఈగలు రెక్కలతో విసరి విసరి, సుమారు అయిదవ వంతు నీరు మిగులువరకు దానిని చిక్కబరచును. అప్పుడే అది చెడిపోని తేనె యగును. విసరి చేతులు నొచ్చిన పిల్లవానికి ఈ మాట బాగుగా తెలియును.

అయిదవ పని: ఒక చుక్క

ఒక టీ చెంచా నిండ తేనె తీసికొని, వేపపుల్లలతో పండ్రెండుమంది పిల్లలకు పంచుడి. తల కొక చుక్క వచ్చును. పనిచేయు ఈగలన్నియు ఆడవే. పూతకాలములో ఒక్కొక్కటి ఆరు వారములు మాత్రమే బ్రదుకును. ఒక ఈగ జన్మమంతయు పాటుపడి చేయు తేనె సుమారు ఈ చుక్కయే యని చెప్పుడి. తాను చేర్చినదానిని ఎవరు తిందురో అది చూడదు. మన పెద్దలును కరవు దినములలో రాళ్లు మోసి మెదకు మహా దేవాలయమును కట్టిరి. పది సంవత్సరములకు, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. మోసిన ప్రతివాడును ఆ దినము చూడలేదు. కూర్చుండి ఆరాధించువారము మనము.

హెచ్చరిక: ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. పుట్టగానే నాకించు వాడుక మన పల్లెలలో ఉన్నది గాని, తేనెలో కొన్ని వేళల ఉండు సూక్ష్మక్రిములు పసిబిడ్డ ప్రాణమునకే అపాయము తేగలవు. పిల్లలను పట్టు దగ్గరకు ఎన్నడును తీసికొనిపోకుడి. ఎక్కువ ఈగలు కుట్టినను, కుట్టిన పిమ్మట ఊపిరి ఆడకున్నను, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

వాక్యోపదేశము

దెబోరా అను పేరునకు హెబ్రీ భాషలో తేనెటీగ యని అర్థము. ఆమె ఖర్జూరపు చెట్టు క్రింద కూర్చుండి ఇశ్రాయేలీయులకు తీర్పు తీర్చెను. 19వ కీర్తన దేవుని న్యాయవిధులు జుంటితేనెకన్న తీపియైనవని చెప్పుచున్నది. మన అడవిలో చిన్న ఈగలు కొమ్మకు పెట్టు జుంటితేనె రుచి తెలిసినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. సామెతలు 25:16 తేనె దొరికిన యెడల తగినంతే తినుమని బుద్ధి చెప్పుచున్నది. దేవుడిచ్చినదానిని అనుభవింపవచ్చును, అణచి, కాల్చి, మిగులకుండ దోచుకొనుటకు అది సెలవు కాదు.

ఆనాడు చుక్క తేనె నాకిన ఒక చిన్నది పుల్ల చేత పట్టుకొని నన్నడిగెను: “అయ్యగారూ, మనకు తేనె ఇచ్చిన ఈగనే మనం కాలబెడ్తమా?” వేదాంత పాఠశాలలో నేను నేర్చినదేదియు ఆ క్షణమున నాకు అక్కరకు రాలేదు.

ఆ సాయంకాలమే పెద్దల యొద్దకు వెళ్లి, తొందరపడి సరే యంటినని ఒప్పుకొంటిని. కుట్టించుకొన్న పిల్లవాని తండ్రి, “రేపు మళ్ల కుడితే ఎవరు జవాబు చెప్తరు అయ్యగారూ?” అనెను. ఆయన మాట న్యాయమైనది. కొండ తేనెటీగలు ఏడాది పొడుగున ఒకచోట నుండవు, పూతకాలము ముగియగానే లేచిపోవునని చెప్పితిని. చివరకు చెట్టు చుట్టు దూరముగా ముళ్లకంప వేసి, ఆదివార బడిని గుడి వెనుకకు మార్చితిమి. ఆ కంపను నరికి తెచ్చినవాడు ఆ తండ్రియే. మండు వేసవిలో ఈగలు వాటంతట అవే వెళ్లిపోయెను. అంతవరకు ఏ పిల్లవాడును రాయి ముట్టలేదు.

రైతు సోదరులారా, పూతమీదనున్న పైరుకు మందు కొట్టవలసి వచ్చిన, ఈగలు ఇల్లు చేరిన సాయంకాలమున కొట్టుడి. ఇదియు ఈ పాఠములోని భాగమే.

ప్రశ్నలు

1. గుడ్డ కట్టిన పిందె ఎందుకు రాలెను?
2. తేనెటీగ తన తోటివారికి కబురు ఎట్లు చెప్పును?
3. నీవు నాకిన చుక్క వెనుక ఎవరి కష్టమున్నది? నీ అన్నము వెనుక ఎవరి కష్టమున్నది?

ప్రార్థన

ప్రభువా, నీవు చేసిన చిన్నవాటిని తృణీకరింపని మనస్సు మా పిల్లలకును, వారికి ముందుగా మాకును దయచేయుము. మా చేతికిచ్చిన చిన్న పనిని నమ్మకముగా చేయనిమ్ము. ఆమేన్.