గడియారం బొమ్మ పట్టిచ్చిన జబ్బు

ఒక తెల్లకాగితం మీద గుండ్రంగా గీసి, గడియారంలో ఉన్నట్టు 1 నుంచి 12 వరకు అంకెలు వేయండి. మీకిది రెండు నిమిషాల పని. 2009లో న్యూయార్కులో సుసానా కహలన్ అనే 24 ఏళ్ల పత్రికా విలేఖరిని డాక్టర్ సుహేల్ నజ్జార్ ఇదే పని చేయమన్నాడు. ఆమె పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికించింది. ఎడమ సగం ఖాళీ!

అంతకు కొన్ని వారాల ముందునుంచే ఆమెకు అయినవాళ్ల మీద లేనిపోని అనుమానాలు, భ్రమలు, మూర్ఛలు మొదలయ్యాయి. మానసిక రోగమేనని కొందరు డాక్టర్లు అనుకున్నారు. ఆ బొమ్మ వేరే మాట చెప్పింది. మన ఎడమవైపు ప్రపంచాన్ని గమనించేది ముఖ్యంగా మెదడు కుడిభాగం కదా! ఎడమ సగం ఖాళీగా ఉందంటే కుడి మెదడులో వాపు ఉండాలి. పరీక్షల్లో అదే తేలింది. రోగక్రిములతో పోరాడవలసిన ప్రతిరక్షకాలు దారితప్పి, నాడీకణాల మీదుండే ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకాలకు అంటుకుంటున్నాయి. నాడీకణాల మధ్య కబురు అందడానికి ఆ గ్రాహకాలు కావాలి. ఈ జబ్బును డాక్టర్ జోసెప్ డాల్మౌ బృందం గుర్తించి వివరించింది 2007లోనే, అంటే రెండేళ్ల ముందు మాత్రమే. స్టెరాయిడ్లతోనూ, రక్తంలోని ప్రతిరక్షకాలను తొలగించే చికిత్సతోనూ ఆమె కోలుకుంది. తిరిగి ఉద్యోగంలో చేరింది. 2012లో తన జబ్బు గురించి పుస్తకమే రాసింది.

ఈ జబ్బు పిల్లలకూ వస్తుంది. నిన్నటిదాకా బాగున్న అమ్మాయి ఉన్నట్టుండి కేకలు పెడితే మనవాళ్లు ‘గాలి సోకింది’ అంటారు. మంత్రగాడు వేపమండలతో కొడుతున్నంతసేపూ ఆ ప్రతిరక్షకాలు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

అన్నిటికీ ఇంత పెద్ద వైద్యం అక్కరలేదు. అమెరికాలోనే మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రజ్ఞురాలు 1924లో పీటర్ అనే చిన్నవాడి సంగతి ప్రకటించింది. మూడేళ్లయినా నిండని ఆ పిల్లవాడికి కుందేలంటే హడలు. దూదిని చూసినా భయమే! వాడు ఇష్టమైన తిండి తింటూండగా బోనులోని కుందేలును దూరంగా ఉంచేవారు. రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపేవారు. మధ్యలో ఒక పెద్ద కుక్క వాణ్ణి బెదరగొట్టడంతో భయం మళ్లీ మొదటికొచ్చింది. ఆమె విసుక్కోలేదు, మళ్లీ మొదలుపెట్టింది. చివరికి పీటర్ కుందేలుతో తన వేళ్లు కొరికించుకునేదాకా వచ్చాడు. నేటికీ భయాలకు చేసే చికిత్సలో ఈ పద్ధతి ఉంది. భయపడే పిల్లవాణ్ణి ఒక్కసారిగా నీళ్లలోకి తోసేవారు దీన్ని గమనించాలి.

పెద్దవారిలో తిండిలోపం వల్ల కూడా మనసు చెదరవచ్చు. దక్కను ప్రాంతంలో జొన్నలే ముఖ్యాహారంగా బ్రతికిన పేదల్లో కనిపించిన పెల్లాగ్రా వ్యాధిని 1960ల్లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం పరిశీలించింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, దానితోపాటు కొందరికి దిగులు, తికమక కలుగుతాయి. దీనికి మందు బి విటమిన్లలో ఒకటైన నికోటినిక్ ఆమ్లం.

ఇక తాతగారి సంగతి. జెనీవాలో చార్లెస్ లల్లిన్ అనే 89 ఏళ్ల వృద్ధుడికి చూపు బాగా మందగించింది. అయినా ఆయనకు మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవి. అవి నిజం కావని ఆయనకు బాగా తెలుసు. ఆయన మనుమడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనే 1760లో దీన్ని గ్రంథస్థం చేశాడు. కంటినుంచి కబుర్లు తగ్గినప్పుడు మెదడులోని దృష్టికేంద్రం ఊరుకోక తానే బొమ్మలు అల్లుకుంటుంది. ఇది పిచ్చి కాదని ధైర్యం చెప్పడమే ఇక్కడ సగం వైద్యం. గదిలో వెలుతురు పెంచాలి. శుక్లాలుంటే తీయించాలి.

మీ నాయనమ్మ “వసారాలో ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు” అంటే నవ్వకండి, ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లమని నాన్నగారికి చెప్పండి. మనసుకు సంబంధించిన ఏ బాధకైనా ఎవరిని అడగాలో తోచకపోతే, 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.