దక్షిణ తెలంగాణ మెట్ట సేద్య దత్తాంశాలు: నామకరణం, సమష్టి సవరణలో పాటించవలసిన పద్ధతులు

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరింపబడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడగా, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడింది. కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాలలో చేరాయి. ఉమ్మడి నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వచ్చాయి. ఈ మార్పు వలన వ్యవసాయ గణాంకాలకు కలిగిన చిక్కు నేటికీ తీరలేదు. మహబూబ్‌నగర్ పేరుతో 2015-16 వరకు నమోదైన ఆముదం విస్తీర్ణాన్ని, అదే పేరుతో ఆ తరువాత నమోదైన విస్తీర్ణాన్ని ఒకే వరుసలో పేర్చిన విద్యార్థికి పంట ఒక్కసారిగా కుంగిపోయినట్లు కనిపిస్తుంది. పత్తి సాగు పెరగడం వలన ఆముదం కొంత వెనుకబడిన మాట వాస్తవమే. అయితే ఆ తగ్గుదలలో పత్తి వలన ఎంత, సరిహద్దు మార్పు వలన ఎంత అన్నది విడదీయకుండా చేసే సిఫారసు రైతుకు చేటు కలిగిస్తుంది.

ఇక్రిశాట్ గ్రామస్థాయి అధ్యయనాలు ఇందుకు తగిన ఉదాహరణ. 1975లో మొదలైన ఈ అధ్యయనాలకు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఔరేపల్లి, డోకూరు గ్రామాలు ఎంపికయ్యాయి. కుటుంబాల ఆదాయ వ్యయాలు, కమతాల సాగు వివరాలు ఏళ్ల తరబడి సేకరింపబడ్డాయి. గ్రామీణ కుటుంబాలు నష్టభయాన్ని పరస్పరం ఎట్లా పంచుకుంటాయన్న అంశంపై రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసానికి ఔరేపల్లి దత్తాంశం కూడా ఆధారమైంది. సేకరించినవారు వేరు, విశ్లేషించినవారు వేరు. నడుమ ఏళ్లు గడిచాయి. ప్రతి కుటుంబానికీ స్థిరమైన గుర్తింపు సంఖ్య లేనట్లయితే ఇటువంటి పరిశీలన సాధ్యం కాదు. నేడు ఔరేపల్లి రంగారెడ్డి జిల్లాలో ఉన్నది, డోకూరు మహబూబ్‌నగర్‌లోనే మిగిలింది. పాత ఫైలులోని జిల్లా పేరును తుడిచి కొత్త పేరు రాయడం తగదు. పాత పేరును అట్లే ఉంచి కొత్త జిల్లా సగటుతో పోల్చడమూ తగదు.

కనుక గ్రామాన్ని గానీ జిల్లాను గానీ గుర్తించే ఆధారం పేరు కారాదు, కోడ్ కావాలి. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ కోడ్ 538, నల్లగొండ కోడ్ 539. సేకరణ నాటి జిల్లాకు ఒక నిలువు వరుస, ప్రస్తుత జిల్లాకు మరొకటి, మార్పు అమలైన తేదీకి ఇంకొకటి కేటాయించాలి. ఉమ్మడి నల్లగొండలోని గుండాల మండలం 2016లో జనగామకు వెళ్లి, అనంతరం యాదాద్రి భువనగిరిలో చేరింది. తేదీ లేనిదే ఇటువంటి రాకపోకలు అర్థం కావు. దీర్ఘకాలిక ధోరణుల పరిశీలనకు ఇక్రిశాట్ జిల్లా దత్తాంశంలో 1966 నాటి సరిహద్దులకు సర్దిన శ్రేణి విడిగా లభిస్తుంది.

పేర్ల చిక్కు జిల్లాలతో ఆగదు. పాలెం పరిశోధనా స్థానం ఆముదం రకాలలో క్రాంతి, పీసీఎస్-4 ఒకటే. హరిత, పీసీఎస్-124 ఒకటే. ఒకరు ఒక పేరు, మరొకరు రెండవ పేరు నమోదు చేస్తే కంప్యూటరు వాటిని నాలుగు రకాలుగా లెక్కిస్తుంది. ఆంగ్లంలో మహబూబ్‌నగర్‌ను రెండు మూడు విధాలుగా రాయడం, జాబితాలో పక్కనే ఉండే మహబూబాబాద్‌ను పొరపాటున ఎంచుకోవడం తరచుగా జరిగేవే. ఖరీఫ్, వానాకాలం అన్న రెండు మాటలలో ఒకదానినే ఎంచుకోవాలి. జులైలో విత్తిన ఆముదం చివరి గెలలు జనవరి, ఫిబ్రవరిలో కోతకు వస్తాయి కాబట్టి ‘2016’ అని కాక ‘2016-17’ అని రాయాలి. ఎకరాకు 4 క్వింటాళ్లంటే హెక్టారుకు 988 కిలోలు. కొలమానం వరుస శీర్షికలోనే ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సవరణ సున్నాకు సంబంధించినది. వర్షాభావంతో ఎండిపోయిన మడి దిగుబడి సున్నా. కొలవని మడి దిగుబడి ఖాళీ. ఫైలును శుభ్రపరిచేవారు సున్నాలన్నిటినీ లోపాలుగా భావించి తొలగిస్తే కరువు సంవత్సరపు సగటు పెరుగుతుంది. పాలమూరు చెలక నేలలలో అటువంటి ఫైలు కరువునే దాచివేస్తుంది. దానిని ఆధారం చేసుకున్న రకం ఎంపికలో బెట్టను తట్టుకునే గుణానికి విలువ తగ్గుతుంది. అందుచేత సున్నా సవరణకు క్షేత్ర పుస్తకమే ప్రమాణం. ఆ పుస్తకం చూడనివారు గడిని ముట్టుకోరాదు.

మూల ఫైలును చదవడానికి మాత్రమే తెరిచి ఉంచి, సవరణలను ప్రతిలో చేయాలి. ఏ గడి, పాత విలువ, కొత్త విలువ, కారణం, సవరించినవారు, తేదీ అనే వివరాలు వేరొక పట్టికలో చేరాలి. ఎక్సెల్‌లో మడి సంఖ్య ‘5-7’ దానంతట అదే తేదీగా మారుతుంది. ఆ వరుసను ముందే పాఠ్య రూపంలో అమర్చాలి. ఫైలు పేరులో ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ వంటి మాటలకు బదులు కేంద్రం, పంట, సంవత్సరం, కాలం, ప్రతి సంఖ్య ఉంటే చాలు: పాలెం_ఆముదం_2016-17_వానాకాలం_ప్రతి02. పరిశోధన ముగించుకొని వెళ్లే విద్యార్థి నుండి సిద్ధాంత గ్రంథంతో పాటు ఈ సవరణల పట్టికను కూడా విభాగం స్వీకరించాలి.