పిన్ని ‘డియర్’ అన్న రోజు

ఏమే, భోజనాలయ్యాయా? అయితే కాసేపు కూర్చో. నా పరువుతక్కువ సంగతొకటి చెబుతాను. మీ బావగారికి కూడా సగమే తెలుసు.

మొన్న శ్రావణమాసంలో రాజమండ్రి పిన్ని పేరుతో మెయిలొచ్చింది. “డియర్, పెళ్లి ఫొటోలు పంపుతున్నాను, చూడగలరు” అని. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పిన్ని నన్ను “ఒసేయ్” తప్ప అనలేదు. ఏం రాసినా “తిన్నావా” అనే మొదలుపెడుతుంది. అలాంటి మనిషి “చూడగలరు” అంటే అక్కడే అనుమానం రావాలా వద్దా? పొయ్యి మీద పాలు, చేతిలో మౌసు. నొక్కేశాను. ఫొటో లేదు, పాడూ లేదు. నల్లటి డబ్బా ఒకటి రెప్పపాటు మెరిసి మాయమైంది. పాలు మాత్రం పొంగాయి.

పిన్నికి ఫోన్ చేస్తే, “నీకు మెయిలెప్పుడు పంపానే? నేను దాని జోలికెళ్లి నెలయింది” అంది.

ఆ ఫైలు పేరు చివర జేపీజీ, దాని వెనక ఇంకో చుక్క పెట్టి ఈఎక్స్‌ఈ. విండోస్ మామూలుగా ఆ చివరి తోకను దాచేస్తుంది, మనకి ఫొటోలాగే కనబడుతుంది. పాత ఎత్తే ఇది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ‘ఐ లవ్ యూ’ వైరస్ గుర్తుందా? ప్రేమలేఖలా టీఎక్స్‌టీ అని పేరు, వెనక దాగిన తోక వీబీఎస్. తెరిచినవాళ్ల అవుట్‌లుక్ చిరునామాల్లో ఉన్న అందరికీ దానంతటదే వెళ్లిపోయింది, దాచుకున్న ఫొటోల ఫైళ్లనీ పాడుచేసింది. అప్పటికి ఆ దేశంలో అలాంటి నేరానికి సరైన చట్టమే లేదు, చేసినవాడికి శిక్ష పడలేదు. ప్రేమలేఖంటే ఆఫీసుల్లో పెద్దపెద్దవాళ్లే తెరిచారు, నేనెంత?

అసలు తప్పు నొక్కడం కాదే. సిగ్గుపడి రెండు గంటలు నోరు మూసుకు కూర్చున్నాను చూడు, అదీ తప్పు. ఇలాంటివి కొన్ని బ్రౌజర్‌లో మనం దాచుకున్న పాస్‌వర్డులు ఊడ్చుకుపోతాయట. ఆ రెండు గంటల్లో డాలస్‌లో ఉన్న వదినకి నా పేరుతో “డియర్” వెళ్లింది. ఆవిడ ఫోన్ చేసి “ఏంటి, కొత్తగా ప్రేమ పొంగుకొచ్చింది?” అంది. అప్పుడు చెప్పాను మీ బావకి.

ఆయన ముందు వైఫై పీకేశాడు. నేను ఆ కంప్యూటర్లోనే పాస్‌వర్డు మార్చబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. దొంగ లోపలుండగా వాడి ఎదుటే కొత్త తాళం కొంటామా? ఫోన్లో, మొబైల్ డేటా మీద మార్చాం. బ్యాంకు కంటే ముందు మెయిలు, ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డులు మార్చుకునే లింకులు వచ్చేది అక్కడికే. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ నొక్కాం. కంప్యూటర్ ఆగి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. పావుగంటలో రెండు దొరికాయి. అయినా మనసొప్పక చివరికి అంతా తుడిపించి మళ్లీ విండోస్ వేయించాం. ఫొటోల హార్డ్‌డిస్కు మాత్రం అదయ్యేదాకా దగ్గరికి రానివ్వలేదు.

పిన్ని మెయిలు సంగతి ఇంకా చిత్రం. పాస్‌వర్డు మార్చినా, సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ అన్నచోట ఎవరిదో ముక్కూమొహం తెలియని అడ్రసు కూర్చునుంది. ఆవిడకొచ్చే ప్రతి మెయిలుకీ నకలు అక్కడికి. దాన్ని తీసేసి, రెండో అంచె ఓటీపీ పెట్టి, అన్ని చోట్లా లాగౌట్ చేయించేసరికి ఫోన్లో నా గొంతు పోయింది.

డబ్బు పోలేదు, అదృష్టం. పోయుంటే ఏడుస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము దారిలో ఆపడానికి అంత వీలు. అన్నట్టు, తెరమీద “వైరస్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి” అని ఎర్రగా అరిస్తే నమ్మకు, ఆ నంబరు దొంగదే.

నిన్న పిన్ని మెయిలొచ్చింది. “ఒసేయ్, తిన్నావా” అనుంది. అయినా ఫోన్ చేసి అడిగాకే తెరిచాను. గోంగూర పచ్చడి కొలతలు. ఉప్పు రాయడం మర్చిపోయింది.